పాలిచ్చే వేళ మాట్లాడకూడదు

1998 మే 6, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మాలతి వదిన తల్లిదండ్రులు బరంపురం వైపు నుంచి వచ్చే పాసింజరు దిగి, పలాస స్టేషను నుంచి రిక్షాలో వచ్చి మా ఇంటి వీధి అరుగు మీద కూర్చున్న సమయం అది. వదినకు అప్పుడు ఏడో నెల. తొలి పురుడు పుట్టింట జరగాలన్నది వాళ్ళకూ మాకూ ఉమ్మడి ఆచారం. అందుకని ఒక బుట్ట అరిసెలు, పసుపు, గాజులు, ఆకుపచ్చ చీర పట్టుకొని కూతురిని తీసుకుపోవడానికి వచ్చారు. వదిన తెల్లవారకముందే తలంటుకొని, బట్టలు సర్దిన సంచిని తలుపు వెనక పెట్టుకొని, వంటింటి గడపలో నిలబడి ఉంది. మా అమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది. ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. అరిసె ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. ఆ తరవాత కోడలిని పంపనని చెప్పింది.

“తొలి పురుడు పుట్టింటే అవ్వాలని నాకు తెల్దేటి, అన్నియ్యా? నా ఇద్దరు పిల్లలూ మా అమ్మింటే పుట్టేరు. గానీ దీన్ని పంపను.”

వదిన తండ్రికి వ్యాపారానికి సరిపడా తెలుగు వచ్చు. “మా వల్ల ఏమి తప్పు జరిగింది, చెల్లెమ్మా?” అన్నాడు.

“తప్పేటి నేదు. ఎండలు సూత్తన్నారు గదా. రైలు కుదుపుకి ఏటైనా అయితే జవాబు ఎవులు సెప్పాల?”

ఆయన ఆ మాటను భార్యకు ఒడియాలో చెప్పాడు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆమె లేచి మా అమ్మ రెండు చేతులూ పట్టుకొని ఏదో బతిమాలింది. అమ్మకు అర్థం కాలేదు, అర్థం చెప్పమని ఎవరినీ అడగనూ లేదు. పన్నెండు గంటలకు వాళ్ళు వెళ్ళిపోయారు. రిక్షా మలుపు తిరిగాక, లోపల కూర్చున్న నాన్నకు వినపడేలా అమ్మ అసలు కారణం చెప్పింది. “ఆ ఇంట్లో పుడితే ఆ గుంట సెవిలో ముందు ఏ మాట పడతాది? ఆల మాటే గదా. పాలూ మాటా ఒక్కసారే దిగిపోతాయి లోపలికి. ఇంక మన నోరు దానికి ఎప్పుడొత్తాది?”

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ జనవరిలోనే డైరీ రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: “వదిన అమ్మానాన్నలు వచ్చారు, 10.20. వెళ్ళారు, 12.00. వదిన వెళ్ళలేదు. అరిసెలు బాగున్నాయి.”

మాది జీడిపప్పు ఇల్లు. ముందు వసారాలో నాన్న బల్ల, టెలిఫోను, జీడిపిక్కల బస్తాలు, మధ్యలో మేము, వెనక వసారాలో పప్పు వలిచే ఆడవాళ్ళు. ఉదయం అయిదు గంటలకు పిక్కలు కాల్చే పొగ మొదలయ్యేది. కళ్ళు మండించే ఆ పొగ వాసన మా పుస్తకాలకు, పక్కదుప్పట్లకు, పెరుగుకు కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నా జడ వాసన చూసి ఈరోజు మీ ఇంట్లో ఎన్ని బస్తాలు కాల్చారో చెప్పగలనని వేళాకోళం చేసేది. ఎనిమిదింటికి పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చి, జీడి రసం అంటకుండా చేతులకు బూడిద రాసుకొని, గోడ పొడుగునా వరసగా కూర్చునేవారు. పొట్టు ఒలిచి, విరగని గుండు పప్పు ఒక చేటలోకి, రెండుగా విడిపోయిన బద్ద ఇంకో చేటలోకి వేసేవారు. అమ్మ వాళ్ళ వెనక అటూ ఇటూ తిరుగుతూ, ఎవరి చేటలో బద్ద ఎక్కువైతే వాళ్ళ ఇంటిపేరుతో సహా తిట్టేది.

ఇచ్ఛాపురం దాటాక మా బంధువుల ఇళ్ళలో సగం ఒడియా మాట్లాడతాయి. వదిన తండ్రి నాన్నకు పచ్చి పిక్కలు తోలేవాడు. ఆ బేరం గట్టిపడాలని 1997 ఫిబ్రవరిలో ఆయన కూతురిని మా అన్నయ్యకు చేసుకున్నారు. ఆమెకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఒడియాలో పదో తరగతి చదివింది. తెలుగు మా గడప తొక్కాకే మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో పనికి కావలసిన మాటలన్నీ నేర్చుకుంది గాని, నోరు మాత్రం తిరగలేదు. అన్నాన్ని ‘ఒన్నొం’ అనేది. హ్రస్వం, దీర్ఘం ఒక్కలాగే పలికేది. ఒడియా క్రియకు ఆడా మగా తేడా లేదు కనక నాన్న వస్తే “మామొయ్యొ ఒచ్చింది” అని చెప్పేది. ఆదివారం చుట్టాలు వస్తే భోజనాల తరవాత మా ఇంట్లో అదొక వేడుక. “కోడలా, మీ మావగారు ఏరీ?” అని అడగడం, ఆమె చెప్పడం, విస్తళ్ళ ముందు నవ్వులు. అన్నయ్య మజ్జిగలోకి చూస్తూ తనూ చిన్నగా నవ్వేవాడు. అన్నయ్యకు ఒడియా ధారాళంగా వచ్చు. ముందు వసారాలో టెలిఫోను పట్టుకొని గంటలతరబడి ఒడియాలోనే బేరాలాడేవాడు. పిక్కలు కొనడానికి పనికొచ్చిన భాష పిల్లను పెంచడానికి పనికిరాదని ఎందుకనుకున్నామో మాలో ఎవరూ ఎవరినీ అడగలేదు.

అమ్మ భయానికి మూలం లేకపోలేదు. నేను అయిదో తరగతిలో ఉండగా విశాఖపట్నంలో ఒక చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆడపెళ్ళివారు అమ్మ చుట్టూ చేరి, “ఏదీ అక్కగారూ, ఇంకోసారి అనండి, ఏటీ?” అంటూ ఆమె చేత అనిపించుకొని నవ్వారు. అమ్మ ఆ తరవాత మూడు రోజులూ పెళ్ళిలో నోరు విప్పలేదు. మంచినీళ్ళు కావాలన్నా నా చేత అడిగించింది. నోటిని బట్టి మనిషిని కిందికి తోస్తే ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినది ఆమెకే. తెలిసే చేసింది.

పాప 1998 జులై 28న పలాసలోనే పుట్టింది. ఇరవయ్యొకటో రోజు ఆగస్టు 17, పూర్ణిమ అని పేరు పెట్టారు. చుట్టాలు వెళ్ళాక, ఉయ్యాలలోంచి తీసి వదిన పాలివ్వబోతుంటే అమ్మ ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది.

“కోడలా, ఇను. బిడ్డకి పాలిచ్చినప్పుడు నోరు మెదపకు. నీకు తెలుగు తిన్నగా ఒచ్చిందాకా ఊరుకో. ఒచ్చినాక నీ ఇట్టం.”

వదిన తల ఊపింది. అమ్మ నా వైపు తిరిగింది. “ఒలే, నువ్వు కాసుకో. ఏటైనా ఇనిపిత్తే నాకు సెప్పీ.”

వెనక వసారాలో పప్పు వలుస్తున్న నీలమ్మకు ఇదంతా వినపడింది. ఆమెది వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె. మొగుడు చేపల వేటకు పోయేవాడు, ఆమె రోజూ బస్సులో మా పనికి వచ్చేది. అమ్మకు జవాబు చెప్పే ధైర్యం ఆమె ఒక్కదానికే ఉండేది. “అదేటమ్మా! ఆవు సయితం దూడని నాకుతూ అంబా అంతాది. మడిసికి ఆపాటి నేదేటి?”

“నీ సేట సూసుకోయే ముందు. అన్నీ బద్దలే. బుగ్గిలో పోసినట్టున్నాది.”

“పప్పు ఇరిగితే బద్దకైనా ఇలవుంటాదమ్మా,” అంది నీలమ్మ. పక్కవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

నా కాపలా ఆ సాయంత్రమే మొదలైంది. బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు, సెలవు రోజుల్లో ఆరేడుసార్లు. వదిన గదిలో గోడకు జేరబడి పాలిచ్చేది, నేను గడప మీద లెక్కల పుస్తకం తెరుచుకొని కూర్చునేదాన్ని. మొదటి నెలలో ఆమె అలవాటుకొద్దీ ఏదో అనబోయి, నన్ను చూసి, పెదవి పళ్ళ కింద పెట్టుకునేది. డైరీలో దానికి అడ్డగీత గుర్తు. ఆగస్టులో పదహారు గీతలున్నాయి, సెప్టెంబరులో ముప్పయ్యొకటి, అక్టోబరులో తొమ్మిది, నవంబరులో ఒకటి. ఆమె మాటకు బదులు పాప వీపు మీద వేళ్ళతో తట్టడం నేర్చుకుంది. రెండు పొడుగు, మూడు పొట్టి, మళ్ళీ రెండు పొడుగు. దాన్నీ అమ్మతో చెప్పాను. అమ్మ ఆలోచించి, “అది మాట గాదు, పోనీ,” అంది. నేను నిరాశపడ్డాను.

కాపలా కాసేవాడికి దొంగ భాష తెలియాలి. ఆమె పెదవుల మీద ఏ మాట మెదిలిందో పోల్చుకోవడానికి నేను ఒడియా మాటలు పోగుచేయడం మొదలుపెట్టాను. అన్నయ్య టెలిఫోనులో మాట్లాడేటప్పుడు పక్కన నిలబడి వినేదాన్ని. ఆ మాటకు అర్థమేటని అడిగితే నవ్వుతూ చెప్పేవాడు. డైరీ చివరి పేజీల్లో అవి రాసుకునేదాన్ని. సంవత్సరాంతానికి నూట నాలుగు మాటలు అయ్యాయి. నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. ఇంట్లో ఆ భాష స్వేచ్ఛగా నేర్చుకున్నది, దాన్ని అణచడానికి కూర్చున్న నేనే.

1999 జనవరి 7, గురువారం, ఉదయం ఎనిమిదీ పది. పాపకు రోజూ స్నానం చేయించే ముసలామె జ్వరంతో రాలేదు, పని వదినకు పడింది. నూతిగట్టు పక్కన పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, వాటి మీద పాపను బోర్లా పడుకోబెట్టింది. నువ్వులనూనె, శనగపిండి వాసన. బొగ్గుల మీద సాంబ్రాణి సిద్ధంగా ఉంది. ఆమె చెంబుతో నీళ్ళు పోస్తోంది, పోసే చప్పుడు కింద సన్నగా ఇంకో చప్పుడు ఉంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. పాపను వెల్లకిలా తిప్పి, కంటి మీద తడి చెయ్యి పెట్టి ‘ఆఖి’ అంది. ముక్కు మీద ‘నాకొ’. చెవి మీద ‘కానొ’. చెయ్యి, పాదం. అయిదు మాటలు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చెంబు నీళ్ళు. పాప ఆమె నోటివైపు చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది. అయిదు మాటలూ నాకు తెలుసు.

అమ్మ వంటింట్లో పోపు పెడుతోంది. వెళ్ళి చెప్పాను. ఏ వరసలో అందో కూడా చెప్పాను.

ఎందుకు చెప్పానన్న ప్రశ్నకు ఇరవయ్యేళ్ళకు పైగా నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. చిన్నపిల్లనని, అమ్మ మాటకు భయపడ్డానని, పాప మంచికేననీ అనుకున్నాను. ఆ రోజు పేజీ చూస్తే అవేవీ కనపడవు. “చెప్పాను. అమ్మ నా తల నిమిరింది. పాప ఇక నా పక్కన పడుకుంటుంది,” అని ఉంది. పాప నాకు కావాలి. అంతే.

ఆ వారంలోనే స్నానం అమ్మ చేతికి వచ్చింది. పాప ఉయ్యాల అమ్మ గదిలోకి, నా మంచం పక్కకు మారింది. ఏడో నెల నిండేసరికి ఆవుపాలు అలవాటు చేశారు. వదినను వెనక వసారాలో పదకొండుమంది సరసన పన్నెండో మనిషిగా పప్పు ఏరడానికి కూర్చోబెట్టారు. పాలు ఎండిపోయే రోజుల్లో ఆమె రవికె తడిసి, దాని మీద పొట్టు అంటుకొని ఉండేది. నీలమ్మ తన తుండుగుడ్డ ఇచ్చి, “ఏడుత్తే గట్టిగా ఏడువమ్మా, దానికి బాసేటి?” అంది. వదిన ఏడవలేదు. ఆ రోజు ఆమె చేటలో ఒక్క బద్ద కూడా లేదని అమ్మ అందరికీ చూపించి మెచ్చుకుంది.

1999 జూన్ 20, ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు పూర్ణిమ మొదటి మాట పలికింది. ‘అత్త’. నన్ను చూసి, చేతులు చాపి, స్పష్టంగా, రెండు తకారాలూ ఒత్తుతూ. అమ్మ పాపకు దిష్టి తీసి వీధిలో బెల్లం పంచింది. నేను పాపను ఎత్తుకొని వెనక వసారాలోకి వెళ్ళి, వదిన ఎదుట ఇంకోసారి అనిపించాను. వదిన పప్పు చేట పక్కన పెట్టి, “మొంచి మాట,” అంది. పాప ఆ పలుకుబడికి కిలకిల నవ్వింది. నేనూ నవ్వాను.

రెండేళ్ళు దాటాక ఆ నవ్వును ఆటగా మార్చినది నేనే. ఇంటర్మీడియెట్ చదవడానికి రోజూ టెక్కలి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. సాయంత్రం వచ్చాక పూర్ణిమను ఒళ్ళో కూర్చోబెట్టుకొని వాళ్ళమ్మలా మాట్లాడించేదాన్ని. 2001 మే 27, ఆదివారం, సోంపేట చుట్టాలు పదిమంది ఉన్నారు. “ఏదీ పున్నీ, మీ అమ్మ అన్నానికి ఎలగ పిలుత్తాది?” అని అడిగారు. పూర్ణిమ లేచి, కొంగున్నట్టు భుజం సర్దుకొని, “మామొయ్యొ ఒచ్చింది, ఒన్నొం తినొండీ!” అంది. అందరూ నవ్వుతో ఊగిపోయారు. అన్నయ్య కూడా ఈసారి పైకే నవ్వాడు. అన్నపు గిన్నెతో వడ్డనకు వచ్చిన వదిన గుమ్మంలో ఆగి, తనూ నవ్వి, “బాగా చెప్పింది,” అని ముందుగా నాన్న విస్తట్లో వడ్డించింది.

ఆ వేసవిలో ఆమె కూతురి దగ్గరే తెలుగు నేర్చుకోవాలని చూసింది. మధ్యాహ్నం ఇల్లు మాటుమణిగాక ఇద్దరూ పలక ముందు వేసుకొని కూర్చునేవారు. పూర్ణిమ చేతిలో నా పాత స్కేలు ఉండేది.

“అమా, అలగ గాదు. అన్నం. అను.”

“ఒన్నొం.”

“గాదు! అన్నం!”

జీడి రసానికి నల్లబడి పొరలు లేచిన ఆ వేళ్ళ మీద స్కేలు దెబ్బ పడేది. పెద్ద దెబ్బలేమీ కావు, మూడేళ్ళ పిల్ల చేతి దెబ్బలు. ఒకరోజు గుమ్మంలోంచి లెక్కపెట్టాను. నలభైసార్లు అంది, నలభైసార్లూ ఒకే తప్పు. బిడ్డ మాత్రం తల్లి తప్పును ఒక్కసారి వింటే చాలు, అచ్చుగుద్దినట్టు తిప్పి అనగలదు. మూడేళ్ళ చెవికీ ఇరవై ఎనిమిదేళ్ళ చెవికీ ఇంత దూరం ఉంటుందని నేను అక్కడ చూశాను. పెద్దయ్యాక కొత్త మాట పాత మాటల సందుల్లోంచి దూరి రావాలి. పసిపిల్లకు ఇంకా గోడలే లేవు. ఇది పండితుల సిద్ధాంతం కాదు, నా డైరీలో ఉన్నంతవరకే నాకు తెలుసు.

నా వంతు కూడా వచ్చింది. ఆ జులైలో డిగ్రీకి విశాఖపట్నం హాస్టల్లో చేరాను. మొదటి రోజే మెస్సులో “ఈరోజు ఏటి కూర?” అని అడిగాను. సంవత్సరమంతా నా పేరు ‘ఏటికూర’. మూడు నెలల్లో మాటలు మార్చేసుకున్నాను. ఏటి పోయి ఏమిటి వచ్చింది, సూడు పోయి చూడు వచ్చింది. రాగం మారలేదు. వాక్యం చివర మా ఊరి ఎత్తు ఎక్కడో లేచేది. ఇప్పటికీ టెలిఫోనులో రెండో వాక్యానికి “మీది శ్రీకాకుళమా అండీ?” అంటారు. పదిహేడేళ్ళకు మాట మారుతుంది, పాట మారదు. ఆ ఏడాది ఎన్నోసార్లు ఏడ్చాను. వదిన ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. డైరీ మొత్తం వెతికాను.

2003 అక్టోబరు 3, శుక్రవారం. దసరా సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. వదిన తల్లి మంచం పట్టిందని, మనుమరాలిని చూడాలంటోందని కబురు వచ్చింది. ఒడియాలో అమ్మమ్మను ఆయీ అంటారు. అప్పటివరకు పూర్ణిమను ఆ ఇంటికి పంపనేలేదు, ఆయీ కూడా ఆ 1998 మే తరవాత మా గుమ్మం తొక్కలేదు. వదినతో పాటు నన్ను తోడు పంపింది అమ్మ. తోడు అన్న మాటకు మా ఇంట్లో అర్థమేమిటో వదినకూ తెలుసు. పాసింజరులో పూర్ణిమ కిటికీ పక్కన కూర్చొని ఇచ్ఛాపురం వరకు స్టేషన్ల పేర్లన్నీ గట్టిగా చదివింది. అయిదేళ్ళకే తెలుగు కూడబలుక్కొని చదివేది. పెట్టెలో వాళ్ళందరూ మెచ్చుకున్నారు.

ఆయీ నులక మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. బాగా ఎండిపోయింది. మంచం చుట్టూ ఏడెనిమిదిమంది బంధువులు. పూర్ణిమను దగ్గరకు తోశారు. ఆయీ ఆ పిల్ల చుబుకం పట్టుకొని, శ్వాసకు శ్వాసకు మధ్య ఆగుతూ, మాట్లాడడం మొదలుపెట్టింది. నీ కోసం అయిదేళ్ళ నుంచి కళ్ళు తెరుచుకొని ఉన్నాను తల్లీ, నీ కళ్ళు మీ అమ్మవే, అంటోంది.

పూర్ణిమ ముఖం వెలిగిపోయింది. ఫక్కుమని నవ్వింది. ఆ పలుకుబడి ఆ పిల్లకు తెలిసినది ఒక్క సందర్భంలోనే; అది చుట్టాల ముందు ఆడే ఆట. ఈ ముసలామె కూడా ఆ ఆటే ఆడుతోందనుకుంది. చప్పట్లు కొట్టి, భుజం మీద లేని కొంగు సర్దుకొని, “ఒన్నొం తినొండీ! మామొయ్యొ ఒచ్చింది!” అని, మెచ్చుకోలు కోసం నా వైపు చూసింది.

తెలుగు వచ్చిన ఒకరిద్దరు తల దించుకున్నారు. ఆయీ కూతురి వైపు చూసి, పిల్ల ఏమంటోందని అడిగింది. వదిన మంచం పట్టె మీద కూర్చొని, తల్లి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని, ఒడియాలో చెప్పింది. ఆరేళ్ళుగా మా ఇంట్లో నేను ఎన్నడూ విననంత నిబ్బరమైన, తప్పులేని, పూర్తి వాక్యాలు. “నీ గొంతు బాగుందంటోంది అమ్మా. రాత్రి నేను చెప్పే కథల్లో ఆయీ గొంతు ఇదేనా అని అడుగుతోంది. ఇంకా మాట్లాడమంటోంది.”

ఆయీ ఇంకా మాట్లాడింది. పూర్ణిమ ఇంకా నవ్వింది. వదిన ప్రతి నవ్వుకూ ఒక అర్థం చెప్పింది. ఆ అర్థాల మధ్య ఒకసారి తలెత్తి నన్ను చూసింది. నా ముఖంలో ఏముందో తెలియదు గాని, నాకు ప్రతి మాటా తెలుస్తోందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. పదకొండు రోజుల తరవాత, 14న, ఆయీ పోయింది.

తిరిగి వచ్చాక అమ్మకు కొంచెం మెత్తబడాలనిపించింది. “కోడలా, గుంటకి మన నోరు గట్టిపడిపోయింది. ఇంక భయం నేదు. నీ మాట దానికి నేర్పుకుంటే నేర్పుకో,” అంది.

“ఒద్దు, ఒత్తా. నా మాటకి అది నొవ్వుతుంది,” అంది వదిన. ఆ తరవాత అమ్మ ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

2007 మార్చిలో అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఒక ఏడాదీ రెండు నెలలు మంచంలో ఉంది. వదిన ఆమెకు ఒళ్ళు తుడిచింది, పక్కబట్టలు మార్చింది, పూటపూటకు మెత్తగా కలిపి చెంచాతో తినిపించింది. పలాసలో అలాంటి కోడలు లేదని ఊరంతా అంది. నేను శని, ఆదివారాలు వచ్చి చూసేదాన్ని. తినిపించేటప్పుడు వదిన పెదవి కదిపేది కాదు. తిను అని గాని, చాలా అని గాని, ఏ భాషలోనూ ఒక్క మాట లేదు. అమ్మ కళ్ళు ఆమె నోటినే అంటిపెట్టుకొని ఉండేవి. ఒకసారి నేను ఉండబట్టలేక, “ఒదినా, ఒక్క మాటైనా మాటాడు,” అన్నాను. ఆమె చెంచా గిన్నెలో పెట్టి, గడప వైపు, నేను ఒకప్పటిలాగే కూర్చున్న చోటి వైపు చూసి, మళ్ళీ చెంచా తీసుకుంది. అమ్మ 2008 మేలో పోయింది.

పూర్ణిమ కాన్వెంటులో చదివింది, టీవీ వార్తలు విని పెరిగింది. పెద్దయ్యేసరికి దాని నోట్లో వాళ్ళమ్మ యాసే కాదు, మా యాస కూడా లేదు. బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఈ ఏడాది బరంపురం బదిలీ చేశారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం టెక్కలిలో నేనుంటున్న ఇంటికి వచ్చింది, నోటు పుస్తకం చేతిలో పెట్టుకొని.

“అత్తా, ఎంత కష్టపడ్డా నాకు ఒడియా రావట్లేదు. కౌంటరు దగ్గర నోరు తెరిస్తే ఖాతాదారులు నవ్వుతున్నారు. పక్క సీటతను నన్ను అనుకరించి చూపిస్తాడు. అమ్మనడిగితే నేర్పను, మీ అత్తకు వచ్చు, పోయి ఆమెనడుగు అంది. నీకెలా వచ్చత్తా?”

మూడు ఆదివారాలు నేర్పాను. నాకు అర్థమవుతుంది గాని, పలికితే నా ఒడియాకు పలాస రాగం వస్తుంది. పూర్ణిమ నోట్లో అది కూడా నిలవలేదు. నేను అన్న మాటను తిప్పి అనేసరికి దానికి ఒత్తులు, దీర్ఘాలు వచ్చి కూర్చునేవి. మూడో ఆదివారం కళ్ళనీళ్ళు పెట్టుకొని, “చిన్నప్పుడు విని ఉంటే వచ్చేది కదా. ఇంట్లోనే ఉంది కదా,” అంది. అప్పుడు చెప్పాను. అరుగు దగ్గర మొదలుపెట్టి, నూతిగట్టు, స్కేలు, ఆయీ మంచం వరకు, తేదీలతో సహా.

నోటు పుస్తకం అంచు వేలితో గీసింది. “ఆయీ ముఖం మీదే నవ్వానా?” అంది.

“నవ్వేవు.”

“ఆ ఆట నేర్పింది?”

“నేనే.”

నాలుగో ఆదివారం రాలేదు. సోమవారం ఫోను చేసింది.

లెక్క ఇది. పోయినవి: ఒక పిల్లకు పుట్టుకతో రావలసిన భాష, మొత్తం. ఒక తల్లికి ఒళ్ళోని బిడ్డతో మాట్లాడే అయిదేళ్ళు. ఆయీకి మనుమరాలు, ఆ మధ్యాహ్నం తప్ప, అదీ అబద్ధం మీద. అమ్మకు చివరి పద్నాలుగు నెలల్లో ఒక మాట. మిగిలినవి: వదిన దగ్గర తన ఒడియా, ఎవరి నవ్వూ పడకుండా. నా దగ్గర మూడువందల పన్నెండు ఒడియా మాటలు, అన్నీ చాటుగా విన్నవి. పూర్ణిమ దగ్గర తెలుగు. అమ్మ కోరినది కోరినట్టే దక్కింది. అందులో ఒక్క తప్పు లేదు, ఎక్కడా యాస లేదు. ఇక తనకు నేను అత్తను కానని, ఫోను చేయవద్దని, ఆ తెలుగులోనే చెప్పింది.